ఆ నలుగురు యార్క్‌షైర్ ఆసాములు మాంటీ పైథాన్ వాళ్ళు కారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నలుగురు డబ్బున్న పెద్దమనుషులు వైన్ తాగుతూ, చిన్నప్పుడు ఎవరు ఎక్కువ దరిద్రం అనుభవించారో పోటీపడి చెప్పుకునే పాత బ్రిటిష్ కామెడీ వీడియో ఒకటి చూశారు. దానికి మాంటీ పైథాన్ (ప్రసిద్ధ బ్రిటిష్ హాస్య బృందం) అని పేరు పెట్టి ఉంది. ఎవరో మాత్రం అది పైథాన్ వాళ్ళది కాదని, 'ఎట్ లాస్ట్ ది 1948 షో' అనే కార్యక్రమంలోదని చెప్పారు. ఆ షో ఏమిటి, 13 ఎపిసోడ్లకే ఎందుకు ఆగింది, ఫ్లాపా, పూర్తిగా ఎందుకు దొరకదు అని మీ సందేహాలు.

మీకు ఆ మాట చెప్పినాయన సరిగ్గానే చెప్పారు. ఆ స్కిట్ మొదట వచ్చింది 1967లో, లండన్‌లోని రిడిఫ్యూజన్ అనే ప్రైవేటు టీవీ కంపెనీ తీసిన షోలో. అప్పటికి మాంటీ పైథాన్ అన్న పేరే పుట్టలేదు. ఆ పేరుతో కార్యక్రమం బీబీసీలో మొదలైంది 1969 అక్టోబరు 5న. యార్క్‌షైర్ స్కిట్ రాసి, నటించిన నలుగురూ టిమ్ బ్రూక్-టేలర్, జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్, మార్టీ ఫెల్డ్‌మన్. వీళ్ళలో క్లీజ్, చాప్‌మన్ ఇద్దరే తర్వాత పైథాన్ బృందంలోకి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఆ స్కిట్‌నీ చంకన పెట్టుకుపోయారు. మిగతా ఇద్దరి పేర్లూ జనం నోట్లోంచి జారిపోయాయి.

ఫ్లాపా అంటే, కాదు. నేను చాలా ఏళ్ళు వీడియో ఎడిటింగ్‌లోనూ, ఆ తర్వాత పాత టేపులు భద్రపరిచే పనిలోనూ ఉన్నాను. కాబట్టి ఇలాంటి షోల గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. పాత కార్యక్రమం ఒకటి ఇవాళ కనబడటం లేదంటే అది బాగాలేక కాదు, చాలాసార్లు టేపు ఖరీదు వల్ల. ఈ షో అందుకు మంచి ఉదాహరణ. ఆగిపోవడానికి ఒక కారణం, మాయమవడానికి ఇంకో కారణం. రెండింటినీ కలిపేసి 'ఫ్లాపయింది, అందుకే ఎవరికీ తెలీదు' అనుకుంటారు.

ముందు మనుషుల సంగతి. క్లీజ్, చాప్‌మన్, బ్రూక్-టేలర్ ముగ్గురూ కేంబ్రిడ్జి విద్యార్థులు. క్లీజ్ లా చదివాడు, చాప్‌మన్ వైద్యం చదివి డాక్టరయ్యాడు. కేంబ్రిడ్జిలో ఫుట్‌లైట్స్ అని విద్యార్థుల నాటక సంఘం ఉంది. 1963లో వాళ్ళు వేసిన హాస్య ప్రదర్శన లండన్ నాటకశాలలకు, మరుసటి ఏడాది న్యూజిలాండ్‌కు, అక్కణ్ణుంచి న్యూయార్క్ బ్రాడ్‌వేకు కూడా వెళ్ళింది. నాలుగోవాడు ఫెల్డ్‌మన్ ఆ బాపతు కాదు. లండన్‌లో ఈస్ట్ ఎండ్ అనే కార్మికుల పేటలో యూదు కుటుంబంలో పుట్టి, పదిహేనేళ్ళకే చదువు మానేసి, ట్రంపెట్ వాయించుకుంటూ తిరిగి, చివరికి రేడియోకు హాస్యం రాసే రచయితగా పేరు తెచ్చుకున్నవాడు. ఈ షో నాటికి అతను తెర వెనక మనిషే.

వీళ్ళను కలిపింది డేవిడ్ ఫ్రాస్ట్. ఆయన కూడా కేంబ్రిడ్జివాడే. 1966లో బీబీసీలో 'ది ఫ్రాస్ట్ రిపోర్ట్' అని వారంవారం వచ్చే వ్యంగ్య కార్యక్రమం నడిపాడు. తర్వాత పైథాన్‌లో చేరిన ఇంగ్లీషు, వెల్ష్ కుర్రాళ్ళు అయిదుగురూ దానికి రాసినవాళ్ళే. ఫెల్డ్‌మన్ అక్కడ రచయితల్లో పెద్దతలకాయ. క్లీజ్, బ్రూక్-టేలర్‌లతో ఒక షో తీద్దామని ఫ్రాస్ట్ తన సొంత నిర్మాణ సంస్థ తరఫున ముందుకు వచ్చినప్పుడు, వాళ్ళు చాప్‌మన్‌నీ ఫెల్డ్‌మన్‌నీ కావాలన్నారు. ఫెల్డ్‌మన్ విషయంలో నిర్మాతల వైపు జంకు ఉండింది. థైరాయిడ్ జబ్బు వల్ల అతని కళ్ళు బాగా బయటికి పొడుచుకొచ్చి, చెరో దిక్కూ చూస్తున్నట్టు ఉండేవి. టీవీలో ఆ ముఖం జనం చూస్తారా అని వాళ్ళ భయం. ఏడాది తిరక్కుండానే ఆ ముఖమే బ్రిటన్‌లో అందరికీ ఎరికైన ముఖమైంది.

షో పేరు కూడా ఓ ఎకసెక్కమే. తీస్తున్నది 1967లో, పేరు మాత్రం 'ఎట్టకేలకు 1948 షో'. టీవీ కంపెనీల్లో పెద్దలు ఒక కార్యక్రమానికి సరేనని చెప్పడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూడండి అని వాళ్ళు వేసిన చురక. ఆఫీసుల చుట్టూ ఫైలు పట్టుకుని తిరిగినవాళ్ళకు ఈ జోకు వివరించనక్కర్లేదు.

మొదటి విడత 1967 ఫిబ్రవరి 15న మొదలైంది, ఆరు ఎపిసోడ్లు. రెండో విడత సెప్టెంబరు 26 నుంచి, ఏడు ఎపిసోడ్లు. అరగంట స్లాటు, నలుపు తెలుపు, స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి తీసినవి. స్కిట్‌కూ స్కిట్‌కూ మధ్య ఎమీ మెక్‌డొనాల్డ్ అనే నటి వచ్చేది. మెరుపుల దుస్తులు, పీచు గొంతు. ఈ షో అంతా తనదేనని, ఈ నలుగురు మగాళ్ళూ తన డాన్సులకు మధ్య ఖాళీ పూరించడానికి వచ్చారని ఆవిడ పూర్తి నమ్మకం. తనను తాను 'అందాల ఎమీ మెక్‌డొనాల్డ్' అని పరిచయం చేసుకునేది. ఒకసారైతే తనను ధనవంతురాలిని చేయడానికి చందాలు కూడా అడిగింది. అప్పటి టీవీ వెరైటీ షోలలో అందమైన అమ్మాయి వచ్చి నవ్వి, తర్వాతి అంశం ప్రకటించి వెళ్ళిపోవడం మామూలు. ఆ అలవాటునే పట్టుకుని వెక్కిరించారు. ఈ షో గురించి రాసేవాళ్ళు ఆమెను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకైతే ఆ వరుస స్కిట్లను ఒక షోగా కట్టి ఉంచిన దారం ఆవిడే అనిపిస్తుంది.

ఇక యార్క్‌షైర్ స్కిట్. యార్క్‌షైర్ ఉత్తర ఇంగ్లండ్‌లో ఒకప్పటి బొగ్గు గనులు, ఉన్ని మిల్లుల ప్రాంతం. కష్టపడి పైకొచ్చామని, ముక్కుసూటిగా ఉంటామని చెప్పుకోవడం అక్కడివాళ్ళకు ఇష్టమని ఇంగ్లండంతా అంటారు. అలా పైకొచ్చిన నలుగురు ఖరీదైన విడిదిలో, తెల్ల కోట్లు తొడుక్కుని, చుట్టలు కాలుస్తూ కూర్చుంటారు. వైన్ పోసే పనివాడి వేషం బారీ క్రయర్ అనే హాస్య రచయిత వేశాడు. ఒకాయన, ముప్పై ఏళ్ళ క్రితం కప్పు టీ దొరికితే మహాభాగ్యం అనుకునేవాళ్ళమని మొదలెడతాడు. రెండో ఆయన అది చల్లారిన టీ అంటాడు. పాలు లేవంటాడు ఇంకొకాయన. చక్కెర కూడా లేదు. అసలు టీయే లేదు. కప్పుకు పగులు. కప్పెక్కడిది, చుట్టిన కాగితంలోంచి తాగేవాళ్ళం. అక్కణ్ణుంచి ఇల్లు: ఒకే గదిలో ఇరవై ఆరుగురం అని ఒకరంటే, మీకు గది ఉందా, మేం నడవలో ఉండేవాళ్ళం అని మరొకరు. చివరికి రోడ్డు మధ్య పెట్టెలో బతికినవాడి దాకా, పడుకోబోయే ముందే లేచి పనికి వెళ్ళినవాడి దాకా వస్తుంది.

పది మైళ్ళు నడిచి, ఏరు ఈది బడికెళ్ళానని చెప్పే తాతయ్య లేని తెలుగు ఇల్లు ఉండదు కనుక ఆ స్కిట్ మనకు సబ్‌టైటిల్ లేకుండానే అర్థమవుతుంది. కానీ దాని పనితనం వేరేచోట ఉంది. ఒక్కరు కూడా ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని అనరు. ప్రతివాడూ ముందువాడి మాటను ఒప్పుకుని, నీది మరీ సుఖమైన బతుకు అని జాలిపడినట్టు మాట్లాడతాడు. గొంతు ఎక్కడా పెరగదు. చెప్పేది ఎంత అసాధ్యమైతే, చెప్పే తీరు అంత నింపాది. మెట్టుకు ఒక్కటే ఎక్కుతారు, రెండు మెట్లు దూకరు. హాస్యం రాసేవాళ్ళు నన్ను ఏం చూడమంటావని అడిగితే నేను మొదట ఇదే చూపిస్తాను. మొదటి రెండు నిమిషాల్లోనే పెట్టె దాకా వెళ్ళిపోయి ఉంటే ఆ స్కిట్ అక్కడే చచ్చిపోయేది.

పుస్తకాల షాపు స్కిట్ నా లెక్కలో ఇంకా గొప్పది. షాపువాడు క్లీజ్, కొనడానికి వచ్చినవాడు ఫెల్డ్‌మన్. అడిగే ప్రతి పుస్తకం ప్రసిద్ధమైన నవలలాగే వినబడుతుంది, కానీ పేరులో ఒక అక్షరం తేడా, రాసినవాడూ వేరు. షాపువాడు మర్యాద తప్పడు. చివరికి పక్షుల మీద ఒక పెద్ద పుస్తకం ఉందంటే, అందులో ఫలానా సముద్రపు పక్షి తనకు నచ్చదు, అది లేని ప్రతి కావాలంటాడు. షాపువాడు ఆ పేజీ చింపేస్తాడు. ఇంకో పక్షి కూడా వద్దంటాడు, అదీ చింపుతాడు. చిరిగిన పుస్తకం ఎలా కొంటానంటాడు. తీరా చూస్తే చేతిలో డబ్బుల్లేవు, చెక్కుబుక్కూ లేదు. షాపువాడే తన డబ్బుతో కొని ఇస్తాడు. అప్పుడు తెలుస్తుంది, కొనడానికి వచ్చినవాడికి చదవడమే రాదని. పొడుగాటి, నీటుగా ఉండే కేంబ్రిడ్జి మనిషి నెమ్మది నెమ్మదిగా పిచ్చెక్కిపోవడం, పొట్టి ఈస్ట్ ఎండ్ మనిషి ఏమీ ఎరగని పసివాడి ముఖంతో నిలబడటం. ఇద్దరి చదువూ, పుట్టుకా, ఎత్తూ అన్నీ ఆ స్కిట్‌లో పనిచేశాయి. తర్వాత పైథాన్ వాళ్ళు దీన్నీ 1980 నాటి ఆల్బమ్‌లో వాడుకున్నారు. అందులో ఫెల్డ్‌మన్ పాత్ర చాప్‌మన్ చేశాడు. బాగానే ఉంటుంది, కానీ ఫెల్డ్‌మన్ అడిగినంత అమాయకంగా ఉండదు.

చాప్‌మన్ ఒక్కడే తనతో తాను కుస్తీ పట్టే స్కిట్ కూడా ఇందులోదే. తన మెడ తనే పట్టుకుని, తనను తానే ఎత్తి కుదేసుకుంటాడు. దాన్నీ పైథాన్ వేదిక మీదికి తీసుకెళ్ళారు. ఇంకో ముచ్చట: సిడ్నీ లాటర్బీ అనే పేరు ఈ షోలో మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. ఒక స్కిట్‌లోనైతే ఒకేలా ఉన్న నలుగురికీ అదే పేరు. అది కల్పించిన పేరు కాదు, బీబీసీలో పనిచేసే నిర్మాతది.

ఇప్పుడు, ఎందుకు ఆగింది? నటులను చూస్తే, అందరికీ ఇంకా పెద్ద పనులు దొరికాయి. 1968లోనే ఫెల్డ్‌మన్‌కు బీబీసీ-2 అతని పేరు మీదే షో ఇచ్చింది. అందులో బ్రూక్-టేలర్ నటించాడు, క్లీజ్, చాప్‌మన్ రాశారు. బ్రూక్-టేలర్ ఆ తర్వాత గ్రేమ్ గార్డెన్, బిల్ ఆడీలతో కలిసి 1970లో 'ది గూడీస్' మొదలుపెట్టాడు. అది బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఏళ్ళ తరబడి నడిచింది. క్లీజ్, చాప్‌మన్‌ల కన్ను మాత్రం అదే రిడిఫ్యూజన్ కంపెనీలో 1967 డిసెంబరులో మొదలైన ఒక పిల్లల కార్యక్రమం మీద పడింది. దాని పేరు 'డు నాట్ అడ్జస్ట్ యువర్ సెట్'. మైకేల్ పేలిన్, టెర్రీ జోన్స్, ఎరిక్ ఐడిల్ అందులో నటులు. టెర్రీ గిలియమ్ తర్వాత దానికి కదిలే బొమ్మలు (యానిమేషన్) చేశాడు. పిల్లల కోసం తీసినదాన్ని చూడటానికి పెద్దవాళ్ళు త్వరగా ఇంటికి చేరేవాళ్ళట. ఈ రెండు షోల మనుషులూ కలిస్తే పైథాన్ అయింది. అంటే ఆగిపోవడంలో పరాజయం ఏమీ లేదు. పైకి వెళ్ళే మెట్టు మీద ఎవరూ కాపురం పెట్టలేదు, అంతే.

కంపెనీ కథ వేరు. బ్రిటన్‌లో బీబీసీకి పోటీగా ఉన్న ప్రైవేటు టీవీ ఐటీవీ అంటే అప్పట్లో ఒక్క సంస్థ కాదు. ప్రాంతానికో కంపెనీ, వాటికి లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఒకటి. లండన్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక కంపెనీ, శని ఆదివారాలు ఇంకో కంపెనీ. ఒక కంపెనీ తీసినది మిగతా ప్రాంతాలవాళ్ళు తీసుకుంటే తీసుకున్నట్టు, లేకపోతే లేదు. అందుకే 1948 షో దేశమంతా ఒకే రోజు, ఒకే వేళకు చూసిన కార్యక్రమం కాదు. (అన్నట్టు, యార్క్‌షైర్‌కు సొంత ఐటీవీ కంపెనీ 1968 దాకా లేనే లేదు.) 1967లో లైసెన్సులు తిరగరాసినప్పుడు రిడిఫ్యూజన్‌ను ఏబీసీ అనే ఇంకో కంపెనీతో కలిసిపొమ్మన్నారు. పగ్గాలు ఏబీసీ చేతికే ఇచ్చారు. అలా థేమ్స్ టెలివిజన్ పుట్టింది. 1968 జులై చివర రిడిఫ్యూజన్ ప్రసారాలు ఆగిపోయాయి. అదే పంపకంలో లండన్ వారాంతం లైసెన్సు కొత్తగా వచ్చిన ఒక బృందానికి దక్కింది. ఆ బృందంలో ముఖ్యుడు ఎవరనుకున్నారు? మన డేవిడ్ ఫ్రాస్టే. ఒక చేత్తో రిడిఫ్యూజన్‌కు షో తీసిస్తూ, ఇంకో చేత్తో కొత్త కంపెనీకి పునాది వేసుకున్నాడు. వ్యాపారంలో అది మామూలేనంటే మామూలే.

కంపెనీ మూతపడితే అందులోని టేపులకు దిక్కెవరు? నాకు బాగా తెలిసిన చోటికి ఇప్పుడు వచ్చాం, కొంచెం ఓపిక పట్టండి.

1960ల్లో స్టూడియోల్లో వాడినది రెండు అంగుళాల వెడల్పున్న క్వాడ్ టేపు. అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ 1956లో తెచ్చిన పద్ధతి అది. సెకనుకు సుమారు 15 అంగుళాల టేపు తిరుగుతుంది. గంట కార్యక్రమం అంటే 4,500 అడుగులు. అరగంట స్లాటుకు తీసిన 1948 షో ఎపిసోడ్ ఒక్కోటి అర కిలోమీటరుకు పైగా టేపు తినేది. ఆ రీళ్ళు బరువు, ఖరీదు మరీ బరువు. అయితే ఆ టేపుకు ఉన్న సుగుణమల్లా, దాని మీద మళ్ళీ మళ్ళీ రికార్డు చేయవచ్చు. అకౌంట్స్ వాళ్ళకు అది కార్యక్రమం కాదు, సామాను. అల్మారాలో ఊరికే పడి ఉంటే నష్టం.

ఎడిటింగ్ చేయాలన్నా ఆ రోజుల్లో టేపును నిజంగానే కోసేవాళ్ళు. ఇనప రజను కలిపిన ద్రవం రాసి, భూతద్దంలో గీతలు చూసి, బ్లేడుతో కోసి అతికించాలి. అతుకులు పడ్డ టేపు మళ్ళీ వాడటం కష్టం కాబట్టి వీలైనన్ని తక్కువ కోతలతో, ప్రేక్షకుల ముందు గుక్క తిప్పుకోకుండా తీసేవాళ్ళు. మిగిలిన ఎపిసోడ్లలో మీరు చూస్తే, నటులు నవ్వు ఆపుకోలేక పెదవులు కొరుక్కోవడం కనబడుతుంది. మళ్ళీ తీసే వీలు లేక వదిలేసిన క్షణాలవి. ఇప్పుడవే ముద్దుగా ఉన్నాయి.

సరే, టేపు దాచుకుంటే లాభం ఏమిటని అప్పటివాళ్ళు ఆలోచించారు. ఇంట్లో వీడియో లేదు, క్యాసెట్టు అమ్మకం లేదు. నటులు, సంగీతకారుల సంఘాలతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలు కొన్నే వేయగలరు, ఆ పైన మళ్ళీ డబ్బు ఇచ్చుకోవాలి. 1969 నవంబరులో ఐటీవీకి రంగు వచ్చింది. నలుపు తెలుపు కామెడీ ఇక ఎవరు చూస్తారన్నారు. ఇన్ని లెక్కలు వేసి చెరిపేశారు. అది ఒక్క కంపెనీ పాపం కాదు. బీబీసీ కూడా పీటర్ కుక్, డడ్లీ మూర్ అనే హాస్యనటుల షో టేపులు చాలావరకు చెరిపేసింది. డబ్బిచ్చి కాపాడుకుంటామని పీటర్ కుక్ అడిగినా వినలేదు. బీబీసీలో ఈ చెరపడం 1970ల చివరి దాకా సాగింది. పైథాన్ టేపులకూ ఒక దశలో ఆ గండం వచ్చిందని, భయపడి తను కాపీలు చేయించి ఇంట్లో పెట్టుకున్నానని టెర్రీ జోన్స్ చెప్పేవాడు.

దీన్ని చదివి ఇంగ్లీషువాళ్ళను తిట్టుకోకండి. మన దగ్గరా టేపులు చెరిపి వాడుకున్న రోజులు ఉన్నాయి. నేను యూమాటిక్ అనే క్యాసెట్టు వీడియో టేపుల కాలంలో పనిలో చేరాను. ఒక టేపు అట్టపెట్టె మీద లేబుల్ పీకితే కింద ఇంకో లేబుల్, దాని కింద మరోటి ఉండేవి. పై పేరు ఒక్కటే టేపులో ఉన్నట్టు, కింది పేర్లన్నీ పోయినట్టు. మెషిన్‌లో చెరిపే హెడ్డు రికార్డు చేసే హెడ్డు కన్నా ముందు ఉంటుంది. టేపు దాన్ని దాటిందంటే పాత బొమ్మను ఏ దేవుడూ తిరిగి తేలేడు. ఆ పని చేసేవాడు దుర్మార్గుడు కూడా కాదు. రేపటి రికార్డింగుకు టేపు లేదని పైనుంచి కేకలేస్తుంటే, చేతికందిన పాత రీలు ఎక్కిస్తాడు.

అలా 1948 షో కొన్ని దశాబ్దాల పాటు దాదాపు లేనట్టే అయింది. దొరికినవి ఎలా దొరికాయో వింటే వింతగా ఉంటుంది. రెండు విడతల్లోంచి స్కిట్లు ఏరి, స్వీడన్ టీవీ కోసం కూర్చిన అయిదు సంకలన ఎపిసోడ్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. చాలా ఏళ్ళు ఈ షో అంటే జనానికి తెలిసింది ఆ అయిదే. మొదట డీవీడీగా వచ్చినవీ అవే. అప్పట్లో కొందరు అభిమానులు టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి మాటలు రికార్డు చేసుకున్నారు, అలా బొమ్మ పోయిన చోట గొంతులు మిగిలాయి. డేవిడ్ ఫ్రాస్ట్ 2013లో పోయాడు. 2014లో ఆయన సేకరణలోంచి రెండు పూర్తి ఎపిసోడ్లు బయటపడ్డాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1993 నుంచి పోయిన టీవీ కార్యక్రమాలను వెతికి ప్రదర్శించే పని పెట్టుకున్నారు, ఇదీ వాళ్ళ చలవే. తర్వాత వాళ్ళే దొరికినవన్నీ శుభ్రం చేసి 2019లో డీవీడీ సెట్టుగా తెచ్చారు.

ఇప్పుడు మీ మొదటి సందేహానికి రండి, వీడియోకు పైథాన్ పేరు ఎందుకు పెట్టారని. అసలు టేపు కనబడకుండా పోయిన ఆ ఏళ్ళన్నీ యార్క్‌షైర్ స్కిట్ పైథాన్ చేతిలోనే బతికింది. 1974లో లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో వాళ్ళిచ్చిన ప్రదర్శన ఆల్బమ్‌లో ఉంది. 1979లో ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ కోసం చేసిన వేదిక ప్రదర్శనలో రోవన్ ఆట్కిన్సన్ (మిస్టర్ బీన్‌గా మనకు తెలిసిన నటుడు) కూడా దాంట్లో ఒక ఆసామి అయ్యాడు. 1980లో లాస్ ఏంజెలిస్ హాలీవుడ్ బౌల్‌లో వేశారు. అందులో అసలు నలుగురిలో ఉన్నది చాప్‌మన్ ఒక్కడే. 2014లో లండన్‌లో వాళ్ళ చివరి ప్రదర్శనల్లోనూ వేశారు. యాభై ఏళ్ళుగా జనం చూసినది ఇది. అసలుది చూపించి 'ఇదిగో' అనడానికి బ్రూక్-టేలర్ దగ్గర ఏముంది? ఆ స్కిట్ మాది కూడా అని ఇంటర్వ్యూల్లో నవ్వుతూ సరిదిద్దేవాడు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో ఆయన పోయినప్పుడు ఎన్నో పత్రికలు ఆ సంగతి మళ్ళీ రాయవలసి వచ్చింది. ఫెల్డ్‌మన్ అయితే 1982లోనే పోయాడు, మెక్సికో సిటీలో షూటింగ్‌లో ఉండగా. అది చాప్‌మన్ రచనలో చేయి వేసిన సముద్రపు దొంగల సినిమా.

పైథాన్ వాళ్ళు దొంగిలించారని మాత్రం అనకండి. నలుగురు కలిసి రాసిన దానిలో ఇద్దరికి హక్కు ఉంది కదా. నా ఫిర్యాదు స్కిట్ వాడుకున్నందుకు కాదు, ప్రతి కొత్త వీడియో మీదా పాత పేరు పెట్టకపోవడం గురించి.

రెండు షోలకూ ఉన్న తేడా కూడా గమనించండి. 1948 షోలో స్కిట్‌కు దాదాపుగా ఒక ముగింపు ఉంటుంది, చివర నవ్వించే ఒక దెబ్బ. పైథాన్ వాళ్ళు దాన్ని వదిలేశారు. స్కిట్ మధ్యలోంచి ఇంకో స్కిట్‌లోకి జారిపోవడం, నచ్చకపోతే ఎవడో వచ్చి ఆపేయడం మొదలెట్టారు. గిలియమ్ బొమ్మలు అతుకులను కప్పేశాయి. అందుకే కొంతమంది 1948 షోను పైథాన్‌కు కచ్చా ప్రతిలా చూస్తారు. నేను ఒప్పుకోను. పుస్తకాల షాపు స్కిట్‌కు పైథాన్ పద్ధతి అతికిస్తే పాడైపోతుంది. అది చివరి మాట కోసమే మెట్టు మెట్టుగా కట్టినది. అందులో ఫెల్డ్‌మన్ ఉన్నాడు, పైథాన్‌లో లేడు. ఆ లోటు ఎవరూ పూడ్చలేదు.

చూడాలనుకుంటే స్వీడన్ సంకలనాలతో మొదలుపెట్టకండి. వాటిలో మంచి స్కిట్లు ఉన్నా, షో వారంవారం ఎలా నడిచిందో తెలియదు, ఎమీ వంతు కూడా తెగిపోతుంది. 2019 సెట్టులో పూర్తిగా దొరికిన ఎపిసోడ్ ఒకటి తీసుకుని, ఆపకుండా అరగంట కూర్చోండి. బొమ్మ అక్కడక్కడా మసకగా ఉంటుంది, ఇంగ్లీషు యాసలు మొదట తికమక పెడతాయి. యార్క్‌షైర్ ఆసాములను పైథాన్ వాళ్ళ హాలీవుడ్ బౌల్ వీడియో పక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిది. అక్కడ వేల మంది ప్రేక్షకులు, కాబట్టి నటులు గట్టిగా, త్వరత్వరగా చెబుతారు. 1967 నాటి నలుగురూ తీరిగ్గా, మెల్లగా చెబుతారు. నాకు పాతదే నచ్చుతుంది. మీకు ఏది నచ్చిందో చూసి చెప్పండి.